బట్టీకి పోయిన బిడ్డకు

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మికి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమమే. సంక్రాంతి తర్వాత నీ ఫోన్ రాలేదు. ఇటుక బట్టీ దగ్గర ఛార్జింగ్ పెట్టుకోవాలంటే లెక్కలు రాసే మునీం గదికి పోవాలని చెప్పావు గనుక దానికి నేనేమీ అనను. మొన్న అచ్చంపేట అంగడిలో మేస్త్రీ భార్య ఎదురై, నీవు నెల తప్పావట కదా అని నలుగురిలో అడిగింది. ఆమె మాటలకేం గానీ, పని ఎట్లా సాగుతున్నదో రాయి.

రాత్రే మట్టిలో ఊక కలిపి నానబెట్టి, తెల్లవారుజామున మూడింటికే లేచి, అల్లుడు అచ్చు పోస్తుంటే నీవు మట్టిముద్దలు అందిస్తావనీ, ఎండెక్కాక ఇటుకలు తిరగేసేదీ నీవేననీ విన్నాను. ఒక్కో ఇటుక మూడు కిలోల దాకా తూగుతుంది. పదింటిని తలకెత్తుకుంటే ముప్పై కిలోలు. కడుపులో ఏమీ లేని మనిషికే అది ఎక్కువ బరువు. నేనేదో ఊహించుకుని అనడం లేదు, లెక్క చెబుతున్నాను.

మీ చిన్నమ్మ పెద్దపల్లి వైపు బట్టీకి పోయిన సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నీవు పసిదానివి. వెయ్యి ఇటుకలకింత అని జంటకు కలిపి రేటు కట్టారు, పుస్తకంలో మాత్రం మీ చిన్నాయన పేరొక్కటే రాశారు. పచ్చి ఇటుకలు పేర్చి గోడలు లేపి, పైన టార్పాలిన్ కప్పిన గుడిసె, లోపలికి వంగి పోవలసిందే. మరుగుదొడ్డి లేదు గనుక ఆడవాళ్లందరూ చీకటి ఉండగానే బయటికి పోయి వచ్చి, మళ్లీ చీకటి పడేదాకా నీళ్లు తాగడానికి వెనుకాడేవారు; మూత్రంలో మంట ఎందుకొచ్చిందని డాక్టరును అడగవలసిన పని లేదు. నిండు నెలల్లోనూ మట్టి తొక్కింది. పురుడు అక్కడే అయింది. పచ్చి బాలింత, బిడ్డను చీర ఉయ్యాలలో వేసి మళ్లీ కళ్లంలోకి దిగింది. ఆ వారమే అకాల వర్షం పడి ఆరబెట్టినవన్నీ కరిగితే, కరిగినవాటికి కూలి లేదన్నారు. ఎండాకాలం చివర హిసాబు చేసిన రోజు తన కష్టం ఎంతని అడిగితే, నీ పేరు పుస్తకంలో ఎక్కడుందని మునీం నవ్వాడట. బత్తెం, మందులు, అడ్వాన్సు పోగా ఇంకా బాకీ తేలింది. మరుసటి ఏడు ఆ బాకీకే మళ్లీ పోయారు.

అందుకే చెబుతున్నాను, నీతులు కావు: వారం వారం ఎన్ని వేల ఇటుకలు పోశారో, ఖర్చులకు ఎంత ఇచ్చారో నీ చేత్తో నోటుపుస్తకంలో రాసుకో. పదో తరగతి చదివింది అందుకే. బోరు అప్పు కోసం అల్లుడు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ‘కదలనివ్వం’ అని ఎవరైనా అంటే, అట్లా పట్టి ఉంచడం 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం నేరం, ఆ అప్పూ చెల్లదు. ఆర్డీవోకు గాని కలెక్టరుకు గాని చెప్పవచ్చు. గొడవ పడమని కాదు. తెలిసి ఉండమని. మీ తాత సాగర్ కట్టపై రాళ్లు మోసిన కాలంలో ఇవేవీ తెలియవు, నీకు తెలిసి కూడా ఊరుకుంటే నాకు కోపం వస్తుంది.

2015లో ఆరోగ్యలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి మా అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణులకు అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు నా చేతులతో పెడుతున్నాను. ఊళ్లో అందరి బిడ్డలకూ పెడుతున్నాను. బట్టీకి దగ్గరి ఊళ్లోనూ అంగన్‌వాడీ ఉంటుంది, వలస వచ్చామని వెనుకాడకుండా పోయి పేరు రాయించుకో. ఒకవేళ ఆ మాట నిజమైతేనే సుమా. నిజమైతే మోత పని మానేసి ఏడో నెలకు ఇంటికి రావాలి, అల్లుడితో నేను మాట్లాడతాను.

చిన్నబావ చేతికి జొన్నపిండి, పల్లీలు, బెల్లం ఇచ్చి పంపుతున్నాను. సంచి అడుగున ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్రలు ఉన్నాయి, ఎవరికైనా మంచివే. ఖర్చులిచ్చే రోజు మునీం ఫోన్ నుంచైనా ఎన్నో నెలో చెప్పు. మాత్ర అన్నం తిన్నాక నీళ్లతో వేసుకో, టీతో వద్దు.

మీ అమ్మ