సమాధుల తోట సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడు ప్రహరీ వెంబడి చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) తీయించాం. పైపైన నరికితే రెండు వానలకే గుబురుకడతాయి గనక గునపాలతో వేళ్లు పెకలించాం. పేర్లిచ్చిన యువకుల్లో గునపం పట్టింది నలుగురే. ఫోటో వేళకు మాత్రం అందరూ వచ్చారు.

సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది పాత రాళ్ల పని. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన నేల మనది. అయినా ముత్తాత సమాధి ఏదంటే చూపలేకపోతున్నాం. కారణం మనం ఏటా కొట్టే సున్నమే. అది అక్షరాల గాట్లలో పేరుకుపోయింది. ఇనుప బ్రష్షు పెడితే రాయే పోతుంది. తడిగుడ్డ పరిచి నాననిచ్చి, వెదురు పుల్లతో పొరలు లేపాం. పొద్దున్నే అద్దంతో ఎండను అడ్డంగా పడేస్తే గాట్లు నీడలై కనబడ్డాయి. ఒక రాతి మీద ‘నిద్రించెను’ ముందు తేలింది, పేరు తర్వాత. చదివినవన్నీ వరుస, నంబరుతో రిజిస్టరుకెక్కించాం. ఎండలో కూర్చుని పుల్ల తిప్పిన అక్కలకు, టీ పంపిన ఇళ్లకు కృతజ్ఞతలు.

సమాధుల పండుగ నవంబరు 2. కథోలికుల పండుగ మనకెందుకని సణిగిన పెద్దలూ సాయంత్రానికి కొవ్వొత్తులతో వచ్చారు! ఈశాన్య వానలూ అప్పుడే గనక ముందురోజు సున్నం నిలవదు. దసరా సెలవుల్లోనే కొట్టండి. చెక్కిన అక్షరాల మీద మాత్రం వద్దు.

భూస్థాపన జరిగిన నెలకే సిమెంటు సమాధి కట్టొద్దని మళ్లీ మనవి. మనది నల్లరేగడి. పూడ్చిన మన్ను దిగుతూనే ఉంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. కట్టడం తలవైపు ఒరిగి నడుమ చీలుతుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పోనివ్వండి. అందాకా దిబ్బ మీద సిలువ, పేరు చాలు. తల పడమరకే ఉండాలి, పునరుత్థాన దినాన తూర్పు చూస్తూ లేచేలా. చీమకుర్తి గ్రానైటు పెట్టేవారు అక్షరాలు లోతుగా చెక్కించండి, పైన పూసిన బంగారు రంగు ఎండకు వెలుస్తుంది.

జమాఖర్చుల పట్టీ చర్చి నోటీసు బోర్డు మీద ఉంది. నిల్వ స్వల్పం, చందా బాకీలు ఎక్కువ.

తోటకు దారి వేయిస్తామన్న అధికారులు టేపు పట్టి కొలిచి వెళ్లారు, మళ్లీ రాలేదు. డిసెంబరులో శవపెట్టెను మోకాటి బురదలో మోశాం.

ఇంట్లో పాత సమాధుల ఫోటోలుంటే వచ్చే కూడికకు తీసుకురండి. రిజిస్టరులో మూడో వరుస ఇంకా సగం ఖాళీగానే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి