బోర్డు మార్చితే సరా?

సంపాదకులకు,

మా జయపురంలో (ఒడిశా) 1947 నాటి విక్రమదేవ్ కాలేజీ 2023లో యూనివర్సిటీ అయింది, సంతోషమే. ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ రాజావారి పేరది, ఇక్కడి తెలుగువాళ్లకు ఆ మాత్రం గర్వం ఉండదా! కానీ బోర్డు మార్చడం తేలిక. చిన్న యూనివర్సిటీలు చాలాచోట్ల ఎలా నడుస్తున్నాయో చూస్తూనే ఉన్నాం, పోస్టులు భర్తీ చేయరు, గెస్టు లెక్చరర్లతో లాక్కొస్తారు, వచ్చిన నిధులేమో కొత్త బిల్డింగుకీ గేటుకీ పోతాయి. మల్కనగిరి, నవరంగపూర్ పల్లెల నుంచి ట్రంకుపెట్టె మోసుకుంటూ బస్సు దిగే అమ్మాయికి ముందు కావాల్సింది హాస్టల్లో మంచం, ల్యాబులో పనిచేసే మైక్రోస్కోపు. అవి లేకపోతే డబ్బున్నవాళ్లు ఎలాగూ విశాఖ వెళ్లిపోతారు, లేనివాళ్లు చదువు మానేస్తారు. రెగ్యులర్ పోస్టులు ఎప్పటికి నింపుతారో ప్రభుత్వం ఒక తేదీ చెప్పాలి.

– ఒక పాఠకుడు, జయపురం