ముందు రాత, తర్వాత మాట: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మీరు ఒక మాటన్నారు. పండగలు, పిక్నిక్‌లు బాగానే ఉన్నాయి గానీ, ఆఫీసులోనో షాపులోనో రోజూ ఏదో ఒకటి తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నాం, దాని మీద ఏమైనా చేయండి అని. ఆ మాట పట్టుకునే ఈ ఏడాది ప్రతి నెలా రెండో ఆదివారం హనుమకొండలోని మన హాల్లో కూర్చున్నాం. కాజీపేట రైల్వేలో రిటైరైనవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, కొత్తవాడలో దర్రీలు నేయించేవాళ్లు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారులు, మడికొండ ఐటీ పార్కుకు వెళ్లే పిల్లలు వచ్చారు.

మొదటి రెండు సమావేశాలు సరిగ్గా సాగలేదు. తోచింది చెప్పండి, ఎవరూ ఎవరినీ తప్పుపట్టొద్దు అనే బ్రెయిన్‌స్టార్మింగ్‌తో మొదలుపెట్టాం. అమెరికాలో అడ్వర్టైజింగ్ రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బర్న్ 1940లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. నియమం మంచిదే. కానీ పెద్దవాళ్లలో ఒకరు నోరు తెరవగానే మిగతావాళ్లంతా సార్ చెప్పిందే కరెక్ట్ అన్నారు. మొహమాటం మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1958లో యేల్ యూనివర్సిటీలో పరీక్షించి చూస్తే, నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనల కన్నా, అంతే మంది విడివిడిగా రాసినవి కలిపితే ఎక్కువ తేలాయి.

మూడో నెల నుంచి చీటీలు పెట్టాం. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. పేరు రాయకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. అన్నీ కలిపి పైకి చదివి గోడకు అంటించాకే చర్చ. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

వానాకాలంలో కొత్తవాడ సభ్యుడొకరు తన కష్టం చెప్పుకున్నారు. ఆర్డర్లు లేటవుతున్నాయి, ఇంకో మగ్గం పెట్టాలా వద్దా అని. టయోటా కంపెనీలో పుట్టిన ‘ఐదుసార్లు ఎందుకు’ పద్ధతితో అడుగుతూ పోయాం. ఆర్డర్ ఎందుకు లేటు? నేత మొదలయ్యేదే ఆలస్యంగా. ఎందుకు? రంగు నూలు టైముకు చేతికి రాదు. ఎందుకు? రంగు రెండోసారి వేయాల్సి వస్తోంది. ఎందుకు? మొదటి రంగు కొనేవాళ్లకు నచ్చదు. ఎందుకు నచ్చదు? వాళ్లు రంగును ఒప్పుకునేది ఫోన్‌లో ఫొటో చూసి. ఫోన్‌లో కనిపించే ఎరుపు వేరు, నూలు మీద ఎరుపు వేరు. ఆయన కాసేపు మాట్లాడలేదు. మగ్గం కొనే ఆలోచన మానుకుని, అట్టముక్కలకు రంగు నూలు పోగులు చుట్టి కొనేవాళ్లకు పోస్టులో పంపడం మొదలుపెట్టారు. దసరా తర్వాత వచ్చిన ఆర్డర్లకు రెండోసారి రంగు వేయాల్సిన పని పడలేదట.

అన్నిటికీ ఈ పద్ధతి పనికిరాదు. కారణాలు నాలుగైదు కలగాపులగంగా ఉన్నచోట, ఒకే దారంట పోతే పక్కనున్నవి కనిపించవు. బ్యాంకు సభ్యుల సమస్య దగ్గర మనకు అదే జరిగింది. ఎడ్వర్డ్ డి బోనో అనే రచయిత 1985లో చెప్పిన ఆరు టోపీల పద్ధతి, అంటే ఒకే విషయాన్ని అందరూ కలిసి ఒక్కో కోణం నుంచి వరసగా ఆలోచించడం, కూడా ఒకసారి చూశాం, టైము చాలలేదు. మళ్లీ చేయాలని నా కోరిక.

సంక్రాంతి ముందు సమావేశం గురించి మాత్రం రాయకుండా ఉండలేను. మిర్చి వ్యాపారం చేసే సభ్యుడు కారం మిల్లు పెట్టాలనుకున్నారు. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో రాసిన పద్ధతి ప్రకారం, ఏడాది తిరిగేసరికి మిల్లు మూతపడిందనుకోండి, ఎందుకు మూతపడిందో రాయండి అన్నాం. “మూతపడితే” అని అడిగితే అందరూ ధైర్యం చెప్తారు, “మూతపడింది” అంటే కారణాలు వెతుకుతారు. ఒక చీటీలో ఇలా ఉంది: “సీజన్ అయిపోయాక సరుకు లేదు. కోల్డ్ స్టోరేజీ కిరాయి లెక్కలో రాసుకోలేదు.” ఎవరు రాశారని మనం అడగం. చర్చ అయ్యాక ఆ అమ్మాయే చెప్పింది, నేనే సార్ అని. ఒక షాపులో లెక్కలు రాస్తుంది. ఏడు నెలలుగా వస్తున్నా అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మిల్లు ఆలోచన ఆగలేదు, కిరాయి కలిపి లెక్క మళ్లీ వేసుకుంటున్నారు.

ఫిబ్రవరిలో పాలంపేట వెళ్లాం. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద గోడల్ని ఎంత గట్టిగా కట్టాలి అని కాకుండా, పైన బరువు ఎలా తగ్గించాలి అని ప్రశ్నను తిప్పి చూడటం గురించి దారంతా మాట్లాడుకున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం, దయచేసి చూసి అనుమానాలుంటే అడగండి.

ఒక విన్నపం. ఆదివారం పొద్దున ఇంటి పని వల్ల చాలామంది ఆడవాళ్లు రాలేకపోతున్నారు. వచ్చే ఏడాది సమావేశాలు సాయంత్రం నాలుగింటికి మార్చాలని కార్యవర్గం అనుకుంటోంది. మీకు ఏ టైము వీలవుతుందో చీటీ మీద రాసి, పేరు రాయకుండా, తలుపు దగ్గరి డబ్బాలో వేయండి.

మీ కార్యదర్శి