మా అమ్మమ్మ అడ్డచుట్ట మాన్పించిన వాళ్లందరికీ థాంక్స్

మా అమ్మమ్మ అడ్డపొగ మానేసింది. చుట్ట పూర్తిగా మానలేదు, అది ముందే చెప్పేస్తున్నా. పొద్దున్న టీ తాగాక పెరట్లో కూర్చుని ఒకటి కాలుస్తోంది, ఎప్పుడైనా మనసు బాగోకపోతే సాయంత్రం ఇంకో సగం. కానీ నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం మాత్రం ఆగింది. ఇందుకు సాయపడిన వాళ్లకి పేరుపేరునా థాంక్స్ చెప్పాలనుంది గానీ, పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి ఇలా రాస్తున్నా.

శ్రీకాకుళం వైపు వాళ్లకి అడ్డపొగంటే ఏంటో చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం: చుట్ట వెలిగించి, వెలిగిన కొసనే నోట్లో పెట్టుకుని కాలుస్తారు. చేలో ఉన్నా సముద్రం ఒడ్డున ఉన్నా గాలికి ఆరిపోదు, నుసి మీద పడదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. మా వైపు ఎక్కువగా ఆడవాళ్లకే ఈ అలవాటు. అమ్మమ్మకైతే కాపురానికి వచ్చిన కొత్తలో పన్ను నొప్పి పుడితే అత్తగారే అలవాటు చేసిందట. ఆ వేడీ, పొగా నేరుగా తగిలేది అంగిలికి.

మొదట తీసుకెళ్లిన ఒక ఆసుపత్రిలో (ఏదో చెప్పను) నోరు కూడా సరిగా చూడకుండా "ముందు మానేసి రండి" అని పంపేశారు. దాంతో అమ్మమ్మ ఇంక ఏ డాక్టరు గడపా తొక్కనని భీష్మించుకుని కూర్చుంది. ఆమెని కదిలించింది మా ఊరి ఆశా అక్క (ఆశా వర్కరు). చుట్ట మాటే ఎత్తలేదు. పక్కన కూర్చుని కాసేపు ఊరి కబుర్లు చెప్పి, "అమ్మా, పళ్లు ఎలా ఉన్నాయో చూస్తాను, నోరు తెరువు" అని సెల్‌ఫోన్ లైటు వేసి ఫొటో తీసింది. అంగిలంతా తెల్లగా మందంగా అయిపోయి ఉంది, ఆ తెలుపులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, ఒక పక్కన చిన్న ఎర్ర మచ్చ. అమ్మమ్మ ఆ ఫొటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఓలమ్మా, ఇది నా నోరేనా?" అంది. ఇన్నేళ్లూ మా అమ్మా, మావయ్యలూ పోట్లాడి సాధించలేనిది ఆ ఫొటో సాధించింది. మర్నాడే బయల్దేరింది.

డెంటల్ కాలేజీలో చూసిన డాక్టరమ్మకి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. తిట్టలేదు, భయపెట్టలేదు. ఈ జబ్బు మీద ఎప్పటినుంచో పరిశోధనలు ఉన్నాయనీ, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు చూసి 1971లోనే రాశారనీ చెబితే, మా ముసలావిడ "మన వోళ్లు పుస్తకాలకెక్కీసినారేటి!" అని మురిసిపోయింది. ఎర్ర మచ్చ దగ్గర చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. కేన్సర్ కాదన్నారు, కానీ వదిలేయకుండా చూపించుకుంటూ ఉండాలన్నారు.

డాక్టరమ్మ మానేయమనే చెప్పింది. అయితే ఒక్కసారిగా నా వల్ల కాదని అమ్మమ్మ అంటే, "సరే, ముందు నిప్పు బయటికి తిప్పు, ఇంట్లో కాల్చకు, పక్క మీద అసలే వద్దు. మిగతాది మెల్లిగా చూద్దాం" అంది. మాకు మాత్రం విడిగా చెప్పింది, మామూలుగా కాలిస్తే అంగిలికి కాస్త నయమే గానీ ఊపిరితిత్తులకీ గుండెకీ ముప్పు అలాగే ఉంటుందని, ఇక్కడితో ఆగిపోకండని.

పొగాకు మానాలనుకునే వాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800 11 2356. అక్కడ ఫోనెత్తిన అమ్మాయికీ థాంక్స్. తెలుగులోనే, అమ్మమ్మ యాస అర్థం చేసుకుని మరీ మాట్లాడింది. చుట్ట గుర్తొచ్చినప్పుడు ఒక పది నిమిషాలు వాయిదా వేయడం, నీళ్లు తాగడం, చేతికి ఏదో పని పెట్టుకోవడం, ఇవన్నీ ఆమె చెప్పినవే.

పళ్లు సగం లేని మనిషికి చుట్ట మీద యావ తగ్గించే నికోటిన్ గమ్ నమలడం కుదరదు కదా. బీపీ మందులు ఏం వాడుతోందో డాక్టరమ్మ అడిగి తెలుసుకుని, చప్పరించే నికోటిన్ బిళ్లలు రాసింది. అమ్మమ్మ మొదట వాటిని పిప్పరమెంట్లలా కరకర నమిలేసి ఎక్కిళ్లు తెచ్చుకుంది. మెడికల్ షాపు బాబు ఓపిగ్గా నేర్పాడు: బుగ్గన పెట్టుకుని దానంతటదే కరగనివ్వాలి, అటూ ఇటూ మార్చుకోవాలి, టీ తాగిన వెంటనే వేసుకోకూడదు.

ఎదురింటి అత్తకి మాత్రం థాంక్స్ లేవు. "చుట్ట బదులు ఇది పెట్టుకో" అని పొగాకు గుండ తెచ్చిచ్చింది. అదీ నోటి కేన్సర్ తెచ్చేదే. మంచి మనసుతోనే తెచ్చింది, నాకు తెలుసు, కానీ దయచేసి ఇంకెవరికీ ఇవ్వకు అత్తా.

మొన్న చెకప్‌లో అంగిలి మీద తెలుపు కాస్త పల్చబడిందన్నారు. ఎర్ర మచ్చని ఇంకా గమనిస్తూనే ఉన్నారు. మీ ఇళ్లలో అడ్డపొగ తాగే పెద్దవాళ్లుంటే మా ఆశా అక్క చేసినట్టు ఒకసారి లైటు వేసి అంగిలి చూడండి. తెల్లటివి గానీ ఎర్రటివి గానీ మచ్చలు, మానని పుండు కనిపిస్తే డెంటల్ డాక్టరుకి చూపించండి. తీసుకెళ్లడానికి తోడెవరూ లేరంటే నాకు మెసేజ్ పెట్టండి, అమ్మమ్మ తనే వస్తానంటోంది.