ఈసీజీ మిషన్లను పరీక్షిస్తున్నది ఎవరు?

సంపాదకుడు గారికి,

పోయిన వేసవిలో మా నాన్నగారిని ఛాతీ నొప్పితో సూర్యారావుపేటలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. అర్ధరాత్రి మంచం పక్కనున్న మానిటర్ మీద గీత ఉన్నట్టుండి తిన్నగా అయిపోయి అలారం మోగింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. అమ్మ గోడవారన కూలబడిపోయింది. నాన్నగారు మాత్రం కళ్లు తెరిచి "ఏమైందిరా?" అన్నారు. లోపం గుండెలో లేదు. ఒంటి నుంచి మానిటర్‌కు వెళ్లే ఒక లీడ్ వైరు లోపల తెగిపోయింది, అంతే.

ఆ టెన్షన్ తగ్గాక ఇంకో భయం పట్టుకుంది. వైరు తెగింది కాబట్టి అలారం మోగింది, మాకు తెలిసింది. చప్పుడు చేయని లోపాల మాటేమిటి?

గుండె నుంచి వచ్చే కరెంటును గీతగా గీసే ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదలాలి. ఒక మిల్లీవోల్టుకు, అంటే వోల్టులో వెయ్యో వంతుకు, గీత 10 మిల్లీమీటర్లు లేవాలి. ప్రింటర్ మోటారు నీరసించి కాగితం సెకనుకు 20 మిల్లీమీటర్లే కదిలిందనుకోండి. గీతలు దగ్గర పడి, నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె, కాగితం మీది గళ్లు లెక్కపెట్టే డాక్టరుకు 75గా కనిపిస్తుంది. గీత ఎత్తులో తేడా వస్తే ఇంకా ప్రమాదం. గుండెపోటా కాదా అన్నది చాలాసార్లు ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరే తేలుతుంది. మైలవరంలోనో అవనిగడ్డలోనో తీసిన ఈసీజీని వాట్సాప్‌లో చూసి, రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలా వద్దా అని చెప్పే రోజులివి. ఆ కాగితం తప్పు చెప్పకూడదు.

ఇలాంటి లోపాల్ని కనిపెట్టడానికి అరచేతిలో ఇమిడే ఈసీజీ సిమ్యులేటర్ చాలు. మిషన్ వైర్లు పదింటినీ మనిషికి కాకుండా దానికి తగిలిస్తే, గుండె నుంచి వచ్చేలాంటి సిగ్నల్‌నే ఇస్తుంది. 60 పెడితే తెర మీద 60 రావాలి. 30కి దించితే అలారం మోగాలి. ఏ వైరు పాడైందో కాసేపట్లో తెలిసిపోతుంది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. కిందటేడు మా పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇలాంటిది ఒకటి చేశారు. చిన్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం రాసి నడిపే చిప్పు), వోల్టుల్ని మిల్లీవోల్టులకు దించే రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ. మొదటిసారి రెసిస్టర్ల లెక్క తప్పి గీత కాగితం దాటిపోయింది. మిల్లీవోల్టు ఎంత చిన్నదో వాళ్లకు అప్పుడు అర్థమైంది! బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి జేబులో వేసుకుని ఏ పీహెచ్‌సీకైనా బండి మీద వెళ్లొచ్చు.

అయితే మేం చేసినదాన్ని అలాగే ఆసుపత్రిలో వాడమని నేను చెప్పను. పరీక్షించే పరికరమే తప్పయితే అన్నీ తప్పే. ముందు దాన్ని ప్రామాణిక పరికరంతో సరిచూడాలి. అందుకు వైద్య పరికరాలు తయారుచేసే విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ల్యాబ్‌లు ఉన్నాయి. విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఎన్నో ప్రాజెక్టులు బీరువాల్లో చేరుతున్నాయి. వాటిలో కొన్నయినా ఈ పనికి మళ్లించి, ఆ ల్యాబ్‌లదాకా తీసుకెళ్లేవాళ్లు కావాలి.

పెట్రోలు బంకు పంపుకూ, రైతుబజారు కాటాకూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు నమ్ముకునే మిషన్ మీద, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో తెలుగులో ఒక చీటీ అయినా అంటించి ఉండాలని అడుగుతున్నాను. జిల్లా వైద్యాధికారులు ఒక టెక్నీషియన్ చేతికి సిమ్యులేటర్ ఇచ్చి, నెలకోసారి ఊళ్లకు పంపితే పని మొదలవుతుంది. వాళ్లకు వాడకం నేర్పడానికి నా శనివారాలు ఇవ్వడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ లెక్చరర్,
గుణదల, విజయవాడ