మంత్రి గారూ, డ్యూటీ దిగిపోయిన పోలీసు గుర్రం ఎక్కడికి పోవాలి?

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది విజయవాడ, కృష్ణలంక. పోలీసు డ్యూటీ నుంచి దిగాక వేలంలో అమ్మేసి, ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకి తిప్పుతున్న ఒక గుర్రం గురించి నేను ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటి ఆఫీసులో "పోలీసు గుర్రం అంటున్నారు కదమ్మా, అక్కడికే వెళ్లి అడగండి" అన్నారు. అక్కడికి వెళ్తే "వేలంలో అమ్మేశాక అది మాది కాదమ్మా, కొన్నోళ్లది" అన్నారు. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను, పదకొండు రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. నిజమే అనుకుని ఆ సాయంత్రమే పరిగెత్తుకుంటూ వెళ్లి చూశానండి. కృష్ణా నది మీద వారధి కింద అదే స్తంభానికి, అదే రెండు మూరల తాడుతో కట్టేసి ఉంది గుర్రం. కుడి ముందుకాలు నేల మీద ఆనించకుండా ఎత్తి పెట్టుకుని నిలబడింది.

ఏ ఊరి పోలీసుల దగ్గర పనిచేసిందో, ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో ఇక్కడ రాయను. ఒకళ్ల మీద చాడీ చెప్పడానికి రాస్తున్న ఉత్తరం కాదిది.

అసలు నాకు తెలిసింది ఎలాగంటే, మొన్న వైశాఖంలో మా బంధువుల పెళ్లికి బందరు రోడ్డు మీద బరాత్ తీశారు. తెల్ల గుర్రం, మెరుపుల జీను, పక్కన జనరేటర్ బండి, ముందు డీజే. వెయ్యి వాలా అంటించారు, సరిగ్గా దాని కాళ్ల దగ్గర. మామూలు గుర్రం అయితే పెళ్లికొడుకుని పడేసి పారిపోయేది. ఇది కదల్లేదు. నాకు అనుమానం వచ్చి కళ్లెం పట్టుకున్న కుర్రాణ్ణి అడిగాను, ఏం బాబూ దీనికి చెవుడా అని. "కాదు పిన్నిగారూ, ఇది పోలీసు గుర్రం, మా ఓనర్ వేలంలో కొన్నాడు, బాంబులు పేలినా బెదరదు, అందుకే దీనికి రేటు ఎక్కువ" అన్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. జనంలో, కేకల్లో, టపాకాయల చప్పుళ్లలో బెదరకుండా ఉండాలని దానికి ఏళ్ల తరబడి నేర్పారు. ఊరి రక్షణ కోసం నేర్పిన ఆ ఓర్పునే ఇప్పుడు ఎక్కువ రేటుకి అద్దెకిస్తున్నారు. పోనీ భయం లేదా అంటే, దగ్గరికెళ్లి చూశాను కదా, చెవులు రెండూ వెనక్కి మెడకి అతుక్కుపోయి ఉన్నాయి, కంటి తెల్లగుడ్డు బయటికి కనపడుతోంది, భుజం దగ్గర చర్మం ఈగ వాలినట్టు అదురుతూనే ఉంది. భయం ఉంది, పారిపోకూడదని నేర్పారు కాబట్టి నిలబడింది, అంతే.

నాకు గుర్రాల గురించి ఏం తెలుసు అంటారేమో. మా నాన్న జట్కా తోలేవాడు, బెజవాడ స్టేషన్ నుంచి వన్‌టౌన్‌కి. మా ఇంట్లో పొయ్యి మీద ముందు ఉలవలు ఉడికేవి, తర్వాతే మా అన్నం. గుర్రానికి పొట్ట చిన్నదమ్మా, కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూ ఉండాలి, ఒకేసారి కుక్కితే శూల వస్తుంది, మనిషిలా వాంతి చేసుకోలేదు, దొర్లి దొర్లి చచ్చిపోతుంది అని చెప్పేవాడు. నీళ్లు రోజుకి రెండు మూడు బిందెలు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. వారధి కింద గుర్రానికి పెడుతున్నది ఒక పెయింట్ డబ్బా నీళ్లు, హోటల్ నుంచి తెచ్చిన మిగిలిపోయిన చపాతీలు.

వయసు ఎంతుంటుందో కూడా చూశానండి. కళ్ల పైన గుంతలు పడిపోయాయి, వెన్ను మధ్యలో జారింది, జీను ఒరుసుకుని పుండు పడి మానిన చోట చర్మం నల్లగా బిరుసెక్కిపోయింది, ఒక చోట ఇంకా పచ్చిగానే ఉంది, దాని మీదే మళ్లీ జరీ గుడ్డ వేసి జీను బిగిస్తున్నారు. గిట్టలు పెరిగిపోయి లాడం పక్కకి జరిగింది. మా నాన్న నెలా నెలన్నరకొకసారి లాడాలు మార్పించేవాడు, డబ్బుల్లేకపోతే అప్పు చేసైనా.

ఆ కుర్రాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. రాత్రికి అయిదొందలు ఇస్తారట వాడికి, అదీ బరాత్ ఉన్న రోజే. వాడూ ఆ స్తంభం పక్కనే గోనెపట్టా మీద పడుకుంటున్నాడు. నన్ను అడిగాడు, "దీన్ని వదిలేస్తే ఎవరు చూస్తారు పిన్నిగారూ?" అని. జవాబు నా దగ్గర లేదండి, అందుకే మీకు రాస్తున్నాను.

రూల్స్ మీకు నేను చెప్పక్కర్లేదు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన రూల్స్‌లోనే ఉంది, ఎండ 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదని. మన బెజవాడలో మే నెల అంటే కొన్ని రోజులు 44, 45 దాకా పోతుంది. పగటి పూట ఊరేగింపులకి కూడా దీన్ని తిప్పారు, తారు కరిగి చెప్పులకే అంటుకుంటుంటే. జబ్బు చేసినదాన్ని, ముసలిదాన్ని, పుండు ఉన్నదాన్ని పనిలో పెట్టడం జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి చేసిన 1960 చట్టం ప్రకారం నేరం. సరే నేరమే, కానీ మొదటిసారికి జరిమానా ఎంత? పది నుంచి యాభై రూపాయలు. ఆ డబ్బుకి ఇవాళ కిలో ఉలవలు కూడా రావు. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై పెరగలేదండి.

2016లో డెహ్రాడూన్‌లో శక్తిమాన్ అనే పోలీసు గుర్రం గుర్తుందా మీకు? ధర్నా గొడవలో కాలు విరిగింది, కాలు తీసేశారు, కృత్రిమ కాలు పెట్టారు, అయినా ఏప్రిల్‌లో చనిపోయింది. దేశమంతా ఏడ్చింది. రాళ్లు, కర్రలు లేచే జనంలోకి గుర్రాన్ని దింపడమే తప్పు అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ గొడవ ఎవరి మీద ఎవరిదో దానికి తెలియదు కదా. పరేడ్‌కి వాడుకోండి, బీట్‌కి వాడుకోండి, నేను కాదనను. కానీ వాడుకున్నాక? రాష్ట్రపతి అంగరక్షక దళంలో విరాట్ అనే గుర్రం 2022 జనవరి 26న రిటైర్ అయితే ప్రధానమంత్రి గారు, రాష్ట్రపతి గారు దగ్గరికొచ్చి నిమిరారు, ఆ రెజిమెంటే దాన్ని ఉంచుకుంది. ఢిల్లీలో ఒక గుర్రానికి ముసలితనం ఉండొచ్చు కానీ మన దగ్గర ఉండకూడదా? కానిస్టేబుల్ రిటైర్ అయితే పెన్షన్ ఇస్తున్నాం. గుర్రం పనిలోంచి దిగాక కూడా పదేళ్లు బతుకుతుంది, ఆ పదేళ్లూ ఎవరివి?

ఒక మాట దాచకుండా చెప్తాను. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక మా నాన్న కూడా గుర్రాన్ని అమ్మేశాడు, తెనాలి అతనికి. అతను దాన్ని ఏం చేశాడో మాకు తెలీదు. ఆ తర్వాత మా నాన్న చాలా రోజులు పొద్దున్నే లేచి ఖాళీ గుర్రపుసాల ఊడ్చేవాడు, ఎవరూ ఏమీ అనేవాళ్లం కాదు. ఆయనకి గతి లేక అమ్మాడు, ఇంట్లో నలుగురు పిల్లలం. ప్రభుత్వానికి ఏం గతి లేదండి? గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అని మన పెద్దవాళ్లు సామెత చెప్పారు. పనికి రాకపోయినా తిండికి మాత్రం తక్కువ లేదని ఎగతాళిగా అనే మాటే అది, కానీ పని చేయలేని గుర్రానికి కూడా దాణా కావాలన్న నిజం అందులోనే ఉంది కదండీ?

దయచేసి వేలం ఆపించండి. ఇప్పటికే అమ్మినవి ఎవరి దగ్గర ఉన్నాయో లెక్క తీయించండి. మీ శాఖ ఫారాల్లో ఎక్కడో ఓ మూల పచ్చగడ్డి, నీడ, నీళ్లు ఉన్న రెండెకరాలు చూపించండి. ఇవన్నీ టైమ్ పడతాయంటే కనీసం ఈ ఒక్కదాన్ని చూడండి, దండం పెట్టి అడుగుతున్నాను.

ఇప్పుడు ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, దాని వీపు మీద జీను లేదు, పుండు కొంచెం ఆరుతోంది. శ్రావణం రాగానే బుకింగులు ఉన్నాయని కుర్రాడు చెప్పాడు, మొదటి వారంలోనే మూడు. ఆ లోపు ఒక డాక్టర్ని పంపించండి. వారధి కింద, నది వైపు మూడో స్తంభం. సాయంత్రం అయిదు దాటాక నేను అక్కడే ఉంటాను, గుగ్గిళ్లు తీసుకెళ్లి పెడుతుంటాను, గుర్రాన్ని నేనే చూపిస్తాను.

ఇట్లు,
కృష్ణలంక నుంచి ఒక జట్కా తోలిన ఆయన కూతురు