స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా సామూహిక నృత్యాలు: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

స్త్రీలపై జరుగుతున్న హింస గురించి నలుగురిలో మాట్లాడుకునే వీలు కల్పించడానికి బహిరంగ స్థలాలలో సామూహిక నృత్య కార్యక్రమాలు నిర్వహించాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ తీర్మానాన్ని అనుసరించి ఏడాదిలో మూడు కార్యక్రమాలు జరిపాం. అవి ఎలా సాగాయో, వాటిలో ఎక్కడ పొరబడ్డామో, ఆ పొరపాట్ల వల్ల మా పద్ధతిలో ఏమేం మారిందో సభ్యుల ముందు ఉంచడమే ఈ నివేదిక ఉద్దేశం. నెలవారీ సమావేశాలు, సభ్యత్వ నమోదు యథావిధిగా సాగాయి. జమాఖర్చుల వివరాలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

తీర్మానం చర్చకు వచ్చిన రోజున కొందరు పెద్దలు ఒక సందేహం వెలిబుచ్చారు. దెబ్బలు తిన్నవారి గురించి మాట్లాడవలసిన చోట నాట్యం చేస్తే వారి బాధను చులకన చేసినట్టు కాదా అని వారు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఈ తరహా కార్యక్రమాలకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన వన్ బిలియన్ రైజింగ్ ఉద్యమం కూడా మొదటి నుంచీ ఈ విమర్శను వింటూనే ఉంది. నాటక రచయిత్రి ఈవ్ ఎన్‌స్లర్ 1998లో ప్రారంభించిన వి-డే సంస్థ 2012లో ఆ ఉద్యమానికి పిలుపునిచ్చింది. 2013 ఫిబ్రవరి 14న తొలిసారిగా అనేక దేశాలలో జనం వీధుల్లోకి వచ్చి కలిసి అడుగు వేశారు. ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితకాలంలో హింసకు గురవుతారన్న అంచనాను లెక్కగడితే ఆ సంఖ్య వంద కోట్లు దాటుతుందని చెప్పడానికే ఆ పేరు పెట్టారు. తన ఒంటి మీద తనకు హక్కు లేదని ఏళ్ళ తరబడి నూరిపోయబడిన మనిషి, అదే ఒంటితో, తన ఇష్టం మేరకు, పదిమంది మధ్య నిర్భయంగా కదలడం ఆ నూరిపోతకు ఎదురు నిలవడమే అన్నది ఉద్యమకారుల వాదన. ఏడాది అనుభవం తరువాత ఆ వాదనలో బలం ఉందనే మేము చెబుతున్నాం. అయితే ఆ బలం నిలబడాలంటే నాట్యం ముగిసిన తరువాతి గంటలో ఏం జరగాలన్నది ముందే ఆలోచించుకుని ఉండాలి. మేము ఆలస్యంగా తెలుసుకున్నది అదే.

ప్రచార పత్రాలలో ఏ లెక్క వేయాలన్న విషయం మీద కార్యవర్గంలో చాలాసేపు చర్చ నడిచింది. ఎవరైనా ఆధారం అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలన్న ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనాను తీసుకున్నాం. 15 ఏళ్ళు, అంతకు పైబడిన స్త్రీలలో సుమారు 73.6 కోట్ల మంది, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు, జీవితంలో ఒక్కసారైనా భాగస్వామి చేతిలో శారీరక హింసకో లైంగిక హింసకో, లేదా ఇతరుల చేతిలో లైంగిక హింసకో గురయ్యారని ఆ అంచనా చెబుతోంది. వారిలో సుమారు 64.1 కోట్ల మందిని హింసించినది భర్తో సహచరుడో. వీధిలో, పనిచేసే చోట ఎదురయ్యే లైంగిక వేధింపులు ఈ లెక్కలోకి రానే లేదు. పత్రాలు పంచినప్పుడు ఎక్కువమంది చదివి ఆగిపోయింది ఈ రెండో అంకె దగ్గరే అని కార్యకర్తలు గమనించారు. అపరిచితుడి గురించి భయపడటం అందరికీ అలవాటే. ఇంట్లోని మనిషి గురించి అచ్చులో చదవడం అలవాటు లేదు.

నృత్య సాధన మొదటి కార్యక్రమానికి 8 వారాల ముందే ప్రారంభమైంది. శిక్షకురాలి షరతులు మొదట మాకు అతి జాగ్రత్తగా అనిపించాయి గాని, రానురాను వాటి విలువ తెలిసింది. అడుగు సరిదిద్దడానికి ఎవరి ఒంటి మీదా చేయి వేయకూడదని, పక్కన నిలబడి చేసి చూపించాలని ఆమె నియమం. గది తలుపు గడియ వేయకూడదు. ఎవరికి వారు ఎప్పుడైనా బయటికి వెళ్ళి రావచ్చు, కారణం చెప్పనవసరం లేదు. సంగీతంలో తలుపు దడాలున మూసిన శబ్దం ఒకటి ఉంటే, అది వినగానే ఇద్దరు ఉలిక్కిపడటం గమనించి, మరుసటి సాధనకల్లా దాన్ని తీసివేయించారు.

రెండో వారంలో జరిగిన ఒక చిన్న సంగతి ఇక్కడ చెప్పాలి. నాట్యంలో కుడిచేతిని తల మీదికి ఎత్తి అరచేయి విప్పే అడుగు ఒకటి ఉంది. వెనుక వరుసలో నిలబడిన ఒకామె చేయి భుజం ఎత్తు దగ్గరే ఆగిపోతోంది. ఆమె ఎడమచేత్తో మోచేతిని కింది నుంచి పట్టుకుని ఇంకాస్త పైకి నెట్టే ప్రయత్నం చేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. శిక్షకురాలు ఏమీ అనలేదు. దరువు ఆపించి, “ఈ అడుగు బాగా కుదరడం లేదు, మారుద్దాం” అని అందరితో చెప్పి, చేతిని గుండె దగ్గరికి తెచ్చి పక్కకు చాపే అడుగును నేర్పించారు. ఆ మధ్యాహ్నం నుంచి అందరూ అదే అడుగు వేశారు. మూడు కార్యక్రమాలలోనూ అదే అడుగు. ఆమె భుజానికి ఏమైందో మాకు తెలియదు. మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. కానీ ఒక్క సాధన కూడా మానలేదు. ఒకే లయలో కలిసి కదిలినవారికి నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుందని, పక్కవారితో దగ్గరితనం కలుగుతుందని నృత్యం మీద జరిగిన ప్రయోగాలలో తేలింది. అలాంటి దగ్గరితనం ఏర్పడటానికి మాటలు అక్కరలేదని మేము ఆ గదిలో చూశాం.

మొదటి కార్యక్రమం నవంబరు 25న జరిగింది. డొమినికన్ రిపబ్లిక్‌లో ట్రుహీయో నియంతృత్వాన్ని ఎదిరించిన పాట్రియా, మినర్వా, మరియా తెరేసా మిరబల్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళను 1960లో హత్య చేసినది ఆ రోజునే. లాటిన్ అమెరికా మహిళా ఉద్యమాలు 1981 నుంచి పాటిస్తూ వచ్చిన ఆ దినాన్ని ఐక్యరాజ్యసమితి 1999లో స్త్రీలపై హింస నిర్మూలన దినంగా గుర్తించింది. నాట్యం చక్కగా కుదిరింది, జనం బాగా వచ్చారు, చప్పట్లు కొట్టారు, వెళ్ళిపోయారు. ఆ రాత్రి మేమందరం కార్యక్రమం విజయవంతమైందనే అనుకున్నాం.

రెండు రోజుల తరువాత జరిగిన సమీక్షలో ఒక యువ కార్యకర్త తనంతట తానుగా ఒక విషయం చెప్పింది. స్పీకర్ల వైర్లు చుడుతుండగా ఒక స్త్రీ దగ్గరికి వచ్చి, తన చెల్లెలిని భర్త కొడుతున్నాడని, పోయిన నెల గొంతు కూడా నొక్కాడని మెల్లగా చెప్పిందట. వ్యాను వచ్చే వేళైందన్న తొందరలో మన కార్యకర్త “వెంటనే ఇల్లు వదిలి వచ్చేయమనండి, పోలీసులకు చెప్పమనండి” అని జవాబిచ్చింది. ఆ స్త్రీ తలూపి వెళ్ళిపోయింది. పేరు తెలియదు, మళ్ళీ కనబడలేదు. ఇందులో ఆ కార్యకర్త తప్పేమీ లేదని కార్యవర్గం స్పష్టంగా నమోదు చేస్తోంది. జనాన్ని పిలిచి, ఈ విషయం మీద మాట్లాడండి అని చెప్పి, వారు మాట్లాడటానికి వచ్చినప్పుడు వినేవారిని, కూర్చునే చోటును ఏర్పాటు చేయకపోవడం పూర్తిగా కార్యవర్గం లోపం.

దాని తరువాత కార్యకర్తలందరికీ అనుభవజ్ఞురాలైన కౌన్సెలర్ చేత శిక్షణ ఇప్పించాం. హింసించే మనిషిని విడిచి వచ్చే రోజులు, వచ్చిన తొలి నెలలు చాలా ప్రమాదకరమైనవని, అందువల్ల ముందుచూపు లేకుండా “వచ్చేయండి” అని సలహా ఇస్తే ప్రాణం మీదికి రావచ్చని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. గొంతు నొక్కడం ఒక్కసారి జరిగినా ఆ స్త్రీ తరువాత హత్యకు గురయ్యే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుందని, పైకి గాయం కనిపించకపోయినా వైద్యపరీక్ష అవసరమని కూడా నేర్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య సిబ్బంది కోసం సూచించిన క్రమాన్నే మేమూ అనుసరిస్తున్నాం: శ్రద్ధగా వినడం, ఆమెకు ఏం కావాలో అడగడం, ఆమె మాటను నమ్ముతున్నామని చెప్పడం, భద్రతకు దారులు వెతకడం, అందుబాటులో ఉన్న సాయానికి ఆమెను చేర్చడం. నిర్ణయం మాత్రం ఎప్పుడూ ఆమెదే.

రెండో కార్యక్రమాన్ని డిసెంబరు 6న, ప్రధానంగా పురుషుల కోసం జరిపాం. కెనడాలోని మాంట్రియల్‌లో 1989లో అదే రోజున ఇంజనీరింగ్ కళాశాలలోకి తుపాకీతో వచ్చిన వ్యక్తి 14 మంది స్త్రీలను చంపాడు. స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా ఆ దేశపు పురుషులు 1991లో ప్రారంభించిన వైట్ రిబ్బన్ ఉద్యమానికి ఆ ఘటనే కారణం. మన కార్యక్రమంలో పురుషులు మొదట డప్పులు పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డారు. స్త్రీల సూచన మీద వెనక్కి జరిగి దరువు మాత్రం అందించారు. ఆనాటి చర్చలో, భార్యను కొట్టానని స్నేహితుడు గొప్పగా చెప్పుకుంటే ఏమనాలి అన్న ఒక్క ప్రశ్న మీదే దాదాపు గంట గడిచింది. నవ్వకుండా ఉండటమే మొదటి పని అని ఒక పెద్దాయన అన్న మాటను తరువాత చాలామంది గుర్తుచేశారు.

ఈ కార్యక్రమం విషయంలోనే మరో తప్పు జరిగింది. అందులో పాల్గొన్న ఒకామె ముఖం స్పష్టంగా కనిపించే వీడియోను మన సంఘం ఖాతాలోనే పెట్టాం. తాను ఉండే ఊరు తెలియకూడదని జాగ్రత్తపడుతున్న ఆమె ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పడంతో వెంటనే తీసివేశాం, క్షమాపణ చెప్పాం. అయినా అప్పటికే ఎవరెవరు చూశారో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు చిత్రీకరణకు అంగీకరించినవారు ఒక వైపు, అంగీకరించనివారు మరో వైపు నిలబడేలా నాట్యాన్నే మార్చుకున్నాం. అంగీకారాన్ని ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఫిబ్రవరి 14న జరిగిన మూడో కార్యక్రమంలో నాట్యం 12 నిమిషాలకే ముగించాం. వలయంలోనే కుర్చీలు వేశాం. పక్క గదిలో కౌన్సెలర్‌తో పాటు ఇద్దరు కార్యకర్తలు ఉన్నారు, గది బయట బోర్డు పెట్టలేదు. సహాయవాణి సంఖ్యను స్నానాల గదుల తలుపుల లోపలి వైపున అంటించాం, ఎందుకంటే తోడుగా వచ్చిన మనిషి చూడకుండా రాసుకోగలిగిన చోటు అదొక్కటే. ఈసారి జనం వెంటనే వెళ్ళలేదు. పక్క గదికి ఎంతమంది వెళ్ళారన్న లెక్కను ఈ నివేదికలో ఉద్దేశపూర్వకంగానే ఇవ్వడం లేదు. ఇంత చిన్న సమూహంలో సంఖ్య కూడా మనిషిని పట్టిస్తుంది.

వచ్చే ఏడాది కార్యక్రమాల సంఖ్య పెంచాలన్న సూచన వచ్చింది. కార్యవర్గం అభిప్రాయం వేరు. ఉగాండా రాజధాని కంపాలాలో స్త్రీలపై హింసను నివారించడానికి చేపట్టిన సాసా! అనే కార్యక్రమం మీద 2007 నుంచి 2012 వరకు జరిగిన అధ్యయనంలో, భర్త చేతి హింసను సమర్థించే ధోరణి స్త్రీలలో చెప్పుకోదగినంత తగ్గింది. అక్కడ ఆ పని చేసినది వేదికలు కాదు. శిక్షణ పొందిన ఇరుగుపొరుగువారే ఏళ్ళ తరబడి ఇళ్ళ ముందు, పని చోట్ల మాట్లాడుతూ వచ్చారు. కాబట్టి ఒకటే పెద్ద కార్యక్రమం జరిపి, మిగిలిన కాలమంతా వారానికొకసారి సాధన, సాధన తరువాత సంభాషణ కొనసాగించాలని ప్రతిపాదిస్తున్నాం. దీనిని సభ్యులు చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాం.

కార్యకర్తల శిక్షణకు చేరదలచినవారు తమ పేర్లను కార్యదర్శికి నేరుగా చెప్పండి. కాగితం మీద నమోదు చేసి గోడకు అంటించే పాత పద్ధతిని ఈ ఒక్క విషయంలో మానుకున్నాం. నాట్యం రాదన్న సంకోచం ఎవరికీ వద్దు. సాధన గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని చూడటానికి వచ్చేవారికి కూడా చోటు ఉంటుంది.

ఇట్లు,
కార్యవర్గం తరఫున
ప్రధాన కార్యదర్శి